మతిమరుపు ఉన్న పెద్దలకు ఫోను నేర్పాలంటే

మతిమరుపు మొదలైన పెద్దవాళ్లకు కొత్త ఫోను నేర్పేటప్పుడు ‘నిన్ననే చెప్పాను కదా, గుర్తు లేదా?’ అని అడగకండి. ఆ ‘నిన్న’ను దాచిపెట్టాల్సింది మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగం. మతిమరుపు తెచ్చే అల్జీమర్స్ జబ్బు తొలిదశలోనే దెబ్బతినేది అదే. చేతి అలవాట్లు చూసుకునే వేరే మెదడు భాగాలు, అంటే బేసల్ గాంగ్లియా, చిన్నమెదడు, అప్పటికి చాలావరకు బాగానే ఉంటాయి. 1953లో శస్త్రచికిత్సతో హిప్పోకాంపస్‌లో చాలా భాగం కోల్పోయిన అమెరికన్ హెన్రీ మొలైసన్, అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడంలో రోజురోజుకీ మెరుగయ్యాడు. అంతకుముందు గీసిన సంగతే ఆయనకు గుర్తులేదు!

అందుకే వివరణలు తగ్గించి, వాళ్ల వేలితోనే నొక్కించండి. రోజూ అదే వరుసలో. తప్పుగా నొక్కబోతే ముందే ఆపి సరైన చోటు చూపండి, లేదంటే తప్పే అలవాటైపోతుంది. తెర మీద బొమ్మల చోట్లు మాత్రం మార్చకూడదు. ఇది మనవలకు గట్టిగా చెప్పాల్సిన మాట.