విష్‌బోన్ దగ్గర వాషర్లు జారిపోతుంటే: నా అనుభవం

ఇంగ్లండులో మా గరాజులో సెవెన్ తరహా కిట్ కారు (లోటస్ సెవెన్‌ను పోలిన, విడిభాగాలుగా కొని ఇంట్లోనే బిగించుకునే చిన్న కారు) బిగిస్తున్నాను. ముందువైపు కింది విష్‌బోన్ (చక్రాన్ని చట్రానికి కలిపే V ఆకారపు చేయి) దగ్గరే మూడు సాయంత్రాలు పోయాయి. చట్రం మీది బ్రాకెట్ చెవుల మధ్య బుష్ (విష్‌బోన్ కొనలో ఉండే గొట్టంలాంటి మెత్తటి ముక్క), దానికి చెరో పక్క ఒక వాషర్, మధ్యలోంచి బోల్టు. వినడానికి అంతే. బోల్టు కొన తగలగానే అవతలి వాషర్ టంగుమని కింద పడేది.

గ్రీజు, అయస్కాంతం, సన్నముక్కు పట్టకారు, తిట్లు, అన్నీ అయ్యాయి.

చివరికి అదే మందం ఉన్న పాత బోల్టు తల కోసేసి, ఒక కొనను పెన్సిల్‌లా గ్రైండర్‌తో చెక్కాను. వాషర్ల అంచుకు మాత్రం మాస్కింగ్ టేపు అంటించి, గాలిపటం తోకలా బయటికి వదిలాను. తోక పట్టుకుని వాషర్‌ను చోట్లో నిలిపి, చెక్కిన కొనను మెల్లగా తిప్పుతూ తోస్తే రంధ్రాలన్నీ వాటంతటవే వరసకొచ్చాయి. దాని వెనకే అసలు బోల్టుకు కాపర్ గ్రీజు రాసి తోశాను. పాతది అవతలికి వచ్చేసింది. బిగించకముందే టేపు లాగేశాను.

నట్టును అప్పుడే పూర్తిగా బిగించొద్దు. నావి ఇనుప గొట్టానికి అతికిన రబ్బరు బుష్‌లు. చక్రాలు గాల్లో ఉండగా బిగిస్తే, కారు దించాక రబ్బరు మెలిపడే ఉండి తొందరగా చిరుగుతుంది. కారు నేలకు దించి, సీట్లో నా బరువంత బియ్యం బస్తాలు పెట్టి (మా ఆవిడ చూపు సంగతి అడక్కండి), మాన్యువల్లో చెప్పిన టార్కుకు (బిగింపు బలానికి) బిగించాను.

గొట్టం విడిగా తిరిగే పాలీయురేథేన్ బుష్‌లైతే ఈ బస్తాల పని అక్కర్లేకపోవచ్చు. వాషర్ల లెక్క కూడా కిట్‌ను బట్టి మారుతుంది, మీ మాన్యువల్ చూసుకోండి.