కొట్లాట కేసు కోర్టులో ఎలా ముగుస్తుంది? విశాఖ వాసులు తెలుసుకోవలసిన దశలు

పూర్ణా మార్కెట్‌లో పక్కపక్క దుకాణాల వాళ్లిద్దరు తోపుడు బండి ఎవరి వాకిట్లో ఆగాలన్న దాని మీద తగువు పడ్డారనుకుందాం. మాటా మాటా పెరిగి ఒకరు చేయి చేసుకున్నారు. అవతలి వ్యక్తి చెంప వాచింది. చట్టం ప్రకారం అది మామూలు గాయం, గరిష్ఠ శిక్ష ఏడాది జైలు. అదే దెబ్బకు పన్ను విరిగితే తీవ్ర గాయం, గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. చేయి అదే, కోపం అదే, తేడా అంతా ఒక్క పన్ను.

అందుకే ఈ కేసుల్లో ఇరుక్కున్న వారెవరైనా, కొట్టినవారైనా దెబ్బ తిన్నవారైనా, ముందు అడగవలసింది ‘ఏ సెక్షన్ పెట్టారు?’ అని. బెయిలు, రాజీ, శిక్ష అన్నీ ఆ అంకెను బట్టే ఉంటాయి.

1. గాయాన్ని ఆ రోజే రాయించండి

కేజీహెచ్ వంటి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి, దెబ్బలాటలో తగిలిన గాయమని డ్యూటీ డాక్టరుకు స్పష్టంగా చెప్పండి. దాన్ని మెడికో లీగల్ కేసుగా నమోదు చేసుకుని పోలీసులకు కబురు పంపుతారు. ఎవరు, దేనితో, ఎక్కడ కొట్టారో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. పరువు పోతుందని ‘మెట్ల మీద జారి పడ్డాను’ అనేవారిని చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది. ఆ ఒక్క వాక్యం ఆసుపత్రి రికార్డులో ఉండిపోతుంది. ఏడాది తరువాత సాక్షి బోనులో నిలబడినప్పుడు అవతలి వకీలు దాన్నే చదివి వినిపిస్తాడు.

ఎముక గాని పన్ను గాని విరిగినా, స్థానం తప్పినా తీవ్ర గాయమే. గాయం వల్ల 15 రోజులపాటు తీవ్రమైన నొప్పి ఉన్నా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా అంతే. పాత చట్టమైన ఐపీసీలో ఇది 20 రోజులు. కాబట్టి ఎక్స్‌రేలు, మందుల చీటీలు, బిల్లులు అన్నీ దాచుకోండి.

2. ఫిర్యాదు చేసి, సెక్షన్ తెలుసుకోండి

2024 జులై 1 నుంచి జరిగిన ఘటనలకు ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం, భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. మామూలు గాయానికి సెక్షన్ 115(2): ఏడాది వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. తీవ్ర గాయానికి 117(2): ఏడేళ్ల వరకు జైలు, జరిమానా. కత్తి, నిప్పు వంటి ప్రమాదకరమైన వాటితో గాయపరిస్తే 118(1): మూడేళ్ల వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వాటితోనే తీవ్ర గాయం చేస్తే 118(2): కనీసం ఏడాది, గరిష్ఠంగా యావజ్జీవం.

మొదటి రెండూ బెయిలు ఇవ్వదగినవి. 118 కింద అయితే బెయిలు కోసం కోర్టును ఆశ్రయించాలి.

ఒక్క 115(2) మాత్రమే అయితే మెజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. ‘కేసు తీసుకోలేదు’ అని జనం అనుకునేది చాలాసార్లు ఇదే. కానీ తీవ్ర గాయమై కూడా ఎఫ్ఐఆర్ నమోదు చేయకపోతే, ఫిర్యాదును పోలీసు కమిషనరుకు పోస్టులో పంపండి. అప్పటికీ ఫలితం లేకపోతే అఫిడవిట్ జతచేసి మెజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎఫ్ఐఆర్ ప్రతిని ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి.

3. రాజీ పడాలనుకుంటే కోర్టులోనే పడండి

ఇరుగుపొరుగు తగాదాల్లో పెద్దమనుషులు కూర్చోబెట్టి చేతులు కలిపించడం మన దగ్గర మామూలే. అది మంచిదే. అయితే తెల్లకాగితం మీద సంతకాలు పెట్టి ఇంటికి వెళ్లిపోతే కోర్టులో కేసు అలాగే ఉంటుంది. నిందితుడు వాయిదాకు రాకపోతే వారెంటు వస్తుంది.

115(2) కేసులో గాయపడిన వ్యక్తి మెజిస్ట్రేటు ముందుకు వచ్చి రాజీకి ఒప్పుకుంటే చాలు, కోర్టు అనుమతి అవసరం లేదు. 117(2) అయితే కోర్టు అనుమతి కావాలి. 118 కింద కింది కోర్టులో రాజీ కుదరదు. ఆ కేసు కొట్టివేయాలంటే హైకోర్టుకు వెళ్లవలసిందే, అక్కడ కూడా అది న్యాయమూర్తి విచక్షణే.

రాజీ నమోదైతే నిందితుడు నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. లోక్ అదాలత్‌లో కుదిరితే అక్కడిచ్చే తీర్పుపై (దాన్నే అవార్డు అంటారు) అప్పీలు ఉండదు. వకీలును పెట్టుకునే స్తోమత లేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఫోను 15100.

కుర్రవాళ్లకు ఒక మాట. ‘తప్పు ఒప్పేసుకుంటే జరిమానా కట్టి బయటపడవచ్చు’ అని ఎవరో చెబితే తలూపేయకండి. రాజీకి, నేరం ఒప్పుకోవడానికి నేలకూ నింగికీ ఉన్నంత తేడా ఉంది. ఒప్పుకుంటే అది శిక్ష పడిన కేసు. రేపు స్టీలు ప్లాంటులోనో పోర్టులోనో ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఆ విషయం రాయవలసి వస్తుంది.

4. రాజీ కుదరకపోతే విచారణ

పోలీసులు చార్జిషీటు వేశాక, ఘటన ఏ స్టేషన్ పరిధిలో జరిగిందన్న దాన్ని బట్టి కేసు సూర్యాబాగ్‌లోని జిల్లా కోర్టు సముదాయానికో, గాజువాక, భీమిలి కోర్టులకో వెళుతుంది. ఫిర్యాది, చూసినవారు, డాక్టరు, దర్యాప్తు అధికారి వరుసగా సాక్ష్యం చెబుతారు. సాక్షి సమన్లు అందితే తప్పక వెళ్లాలి.

5. శిక్ష ఎలా నిర్ణయిస్తారు?

ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేటు మూడేళ్లకు మించి జైలు శిక్ష వేయలేరు. 117(2) కేసులో అంతకన్నా ఎక్కువ పడాలనిపిస్తే కేసును చీఫ్ జుడీషియల్ మెజిస్ట్రేటుకు పంపుతారు. నిందితుడి వయసు, పాత కేసులు, దెబ్బ తీవ్రత, కవ్వింపు ఉందా లేదా అన్నవి చూస్తారు. హఠాత్తుగా తీవ్రంగా కవ్విస్తే కొట్టారని తేలితే సెక్షన్ 122 కింద శిక్ష బాగా తగ్గుతుంది. విచారణ ఖైదీగా గడిపిన రోజులు శిక్షలో మినహాయిస్తారు. కొత్త చట్టంలో వచ్చిన సమాజ సేవ శిక్ష ఈ సెక్షన్లకు లేదు.

మొదటిసారి తప్పు చేసినవారి తరఫున 1958 నాటి ప్రొబేషన్ చట్టాన్ని తప్పక ప్రస్తావించాలి. యావజ్జీవం పడే అవకాశం లేని కేసుల్లో, జైలుకు పంపకుండా మూడేళ్లకు మించని సత్ప్రవర్తన బాండుపై కోర్టు విడిచిపెట్టవచ్చు. చాలామంది వకీళ్లు చివరి నిమిషం దాకా దీని ఊసెత్తరు. మీరే గుర్తు చేయండి.

శిక్ష ఖరారు చేసే రోజు దెబ్బ తిన్నవారూ మౌనంగా ఉండకూడదు. జరిమానాలోంచి గాని, జరిమానా లేకపోతే విడిగా గాని బాధితుడికి పరిహారం ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. మొదటి రోజు నుంచి దాచిన ఆసుపత్రి బిల్లులు, పోయిన కూలి లెక్క ప్రాసిక్యూటరు చేతికి ముందే ఇవ్వండి.

6. తీర్పు నచ్చకపోతే

శిక్ష పడినవారు సెషన్స్ కోర్టులో 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవాలి. శిక్ష మూడేళ్లు దాటకుండా, అప్పటికే బెయిలుపై ఉంటే, అప్పీలు వేసేందుకు వీలుగా శిక్ష వేసిన కోర్టునే బెయిలు అడగవచ్చు. నిందితుడిని విడిచిపెట్టినా, తక్కువ నేరం కింద శిక్షించినా, పరిహారం చాలకపోయినా బాధితుడికీ అప్పీలు హక్కు ఉంది. తీర్పు వచ్చిన రోజే ధ్రువీకరించిన ప్రతికి దరఖాస్తు పెట్టండి.