బైకు డిస్క్ ప్లేటు మార్చేముందు ఏమేం చూసుకోవాలి?

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో స్పేర్ పార్టుల షాపుకు వెళ్లి, చక్రంతో పాటు తిరిగే బ్రేకు పళ్లాన్ని, అంటే డిస్క్ ప్లేటును అడిగితే, కంపెనీ బాక్సులో ఉన్నదొకటి, తక్కువ ధరకు వచ్చే లోకల్ రకం ఒకటి, అంచులు వంపులు తిరిగిన పెటల్ రకం మరొకటి బల్ల మీదికి వస్తాయి. వాటిలో ఏది కొనాలో ఆలోచించేముందు పాతది నిజంగా అరిగిపోయిందో లేదో తేల్చుకోవాలి. ప్లేటు మీద, సాధారణంగా బోల్టులు బిగించే భాగానికి దగ్గరగా, ‘మిన్. టీహెచ్.’ (కనీస మందం) అన్న ఇంగ్లిషు అక్షరాల పక్కన ఒక అంకె చెక్కి ఉంటుంది. ప్లేటు మందం ఆ అంకెకన్నా తగ్గిందంటే ఇక వాడకూడదు. కొత్త ప్లేటుకూ పనికిరాని ప్లేటుకూ మధ్య తేడా చాలా బైకుల్లో అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు మాత్రమే కనుక కంటి అంచనాను నమ్మడానికి వీల్లేదు. బ్రేకు వేసినప్పుడు ప్లేటును రెండువైపులా నొక్కే ప్యాడ్లు తగలని బయటి అంచు అరగకుండా గట్టులా నిలిచి ఉంటుంది. వెర్నియర్‌తో కొలిస్తే దాని దవడలు ఆ గట్టు మీదనే కూర్చుని ఎక్కువ మందం చూపిస్తాయి. అందువల్ల స్క్రూ గేజితో, ప్యాడ్లు రాసుకునే దారి మధ్యలో, చుట్టూ ఆరేడు చోట్ల కొలిచి, అన్నిటికన్నా తక్కువ వచ్చిన అంకెను లెక్కలోకి తీసుకోవాలి.

టెక్కలి పరిసరాల్లో గ్రానైటు క్వారీల లారీలు తిరిగే రోడ్ల మీద రోజూ ప్రయాణించేవారి ప్లేట్ల మీద గాడులు తొందరగా పడతాయి, ఎందుకంటే గట్టి రాతిపొడి ప్యాడ్లలో ఇరుక్కుని ఉక్కును గీస్తూ పోతుంది. మందం సరిపోతున్నా, ప్లేటు మీద గోరు అడ్డంగా లాగినప్పుడు గాడి దగ్గర గట్టిగా తట్టుకుంటే దాన్ని మార్చడమే మంచిది. లేత్ మీద చదును చేయించుకుంటే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు గానీ, ఉన్న మందమే అంత తక్కువైనప్పుడు అందులోంచి కొంత చెక్కించడం నాకు ఏమాత్రం సబబుగా తోచదు. పలుచటి పెనం తొందరగా కాగినట్టే పలుచబడిన ప్లేటు కూడా తొందరగా వేడెక్కుతుంది. శృంగవరపుకోట దాటి అనంతగిరి మీదుగా అరకు వెళ్లే ఘాట్‌లో దిగేటప్పుడు గేరు తగ్గించకుండా బ్రేకు మీదనే ఆధారపడేవారికి ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఇక లోహం సంగతి. రోడ్డు బైకుల ప్లేట్లు ఎక్కువగా స్టెయిన్‌లెస్ స్టీలుతో చేస్తారు. పాత బైకులకు దొరికే పోత ఇనుము ప్లేట్లను ప్యాడ్లు బాగానే పట్టుకుంటాయి. కానీ కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి వంటి తీరప్రాంతాల్లో ఆ ఉప్పుగాలికి రాత్రికి రాత్రే తుప్పు పొర ఏర్పడుతుంది కనుక మన ప్రాంతంలో రోజువారీ బైకుకు వాటిని నేను సూచించను. అయస్కాంతం అంటుకోకపోతేనే స్టెయిన్‌లెస్ అని చాలామంది నమ్మి, షాపులో ఆ పరీక్షే చేస్తారు. అది వంటగిన్నెలకు చాలావరకు పనికొస్తుందేమో గానీ బ్రేకు ప్లేట్లకు పనికిరాదు. కాఠిన్యం కోసం వీటికి వాడే స్టెయిన్‌లెస్ రకం అయస్కాంతానికి చక్కగా అంటుకుంటుంది కనుక, మంచి ప్లేటూ నాసిరకం ప్లేటూ ఆ పరీక్షలో ఒకేలా ప్రవర్తిస్తాయి. తయారీదారు పేరు, పార్టు నంబరు, కనీస మందం ప్లేటు మీదనే చెక్కి ఉన్నాయా, బాక్సు మీది నంబరు దానితో సరిపోతోందా అన్నది చూసుకోవడం మేలు. ఇవేవీ లేని ప్లేటును ఎంత చవకైనా తీసుకోకండి.

ఒకే ముక్కగా ఉండే ఫిక్స్‌డ్ ప్లేటు, లోపలి భాగానికీ బయటి వలయానికీ మధ్య రెంటినీ కలిపే చిన్న బాబిన్లు (గుండ్రటి లోహపు ముక్కలు) ఉండే ఫ్లోటింగ్ ప్లేటు అని ప్రధానంగా రెండు రకాలున్నాయి. ఫ్లోటింగ్ రకంలో బయటి వలయం వేడికి వ్యాకోచించినా వంగిపోకుండా సర్దుకుంటుంది కనుక వేగంగా, బరువుగా నడిచే బైకులకు అది ఉపయోగపడుతుంది. అయితే సముద్రపు గాలి తగిలే చోట బాబిన్లు తుప్పుతో బిగుసుకుపోతే ఆ ప్రయోజనం పోతుంది. అతిగా వదులైతే టకటకమని చప్పుడు వస్తుంది. 150 సీసీ బైకు మీద ఆఫీసుకు వెళ్లివచ్చేవారికి నాణ్యమైన ఫిక్స్‌డ్ ప్లేటు పూర్తిగా సరిపోతుంది. పెటల్ అంచుల విషయానికొస్తే, బరువు కాస్త తగ్గుతుంది, చూడటానికి బాగుంటుంది, అంతకుమించి ఆశించనవసరం లేదు. రంధ్రాలు మాత్రం వానలో ప్లేటు మీది నీటిపొర తొలగడానికి సాయపడతాయి.

కంపెనీ ఇచ్చినదానికన్నా పెద్ద ప్లేటు వేయించుకోవాలన్న కోరిక చాలామందికి ఉంటుంది. వ్యాసార్థం పెరిగితే అదే ఒత్తిడికి బ్రేకు శక్తి పెరుగుతుందన్నది నిజమే. కానీ ప్యాడ్లను పట్టి ఉంచి నొక్కే కాలిపర్‌కు వేరే బ్రాకెట్ కావాలి, ఫోర్కు మీద భారం మారుతుంది, బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌లో అసలు కొలతలకు తగ్గట్టు అమర్చిన లెక్కలు తప్పే అవకాశం ఉంటుంది. 125 సీసీ దాటిన బైకులకు ఏబీఎస్‌ను 2018 ఏప్రిల్ 1 నుంచి కొత్త మోడళ్లకూ, 2019 ఏప్రిల్ 1 నుంచి అప్పటికే అమ్ముడవుతున్న మోడళ్లకూ తప్పనిసరి చేశారు కనుక, ఇప్పుడు రోడ్డు మీదున్న చాలా బైకులకు ఈ చిక్కు వర్తిస్తుంది. కంపెనీ ఇచ్చిన ప్లేటు వ్యాసమే సురక్షితం; రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 కొత్త తరం బైకుకు ముందు చక్రానికి 300 మిల్లీమీటర్ల ప్లేటు ఉంది, దాని స్థానంలో వచ్చేది కూడా 300 ఉండాలి.

వ్యాసంతో పాటు బోల్టు రంధ్రాల సంఖ్య, వాటి మధ్య దూరం, చక్రం మధ్యభాగమైన హబ్బు కూర్చునే లోపలి వృత్తం, ప్లేటు ఎంత లోతుగా వంగి ఉందన్న ఆఫ్‌సెట్, ఇవన్నీ పాతదానితో సరిపోవాలి. కొత్తదాన్ని పాతదాని మీద పెట్టి చూస్తే రంధ్రాల తేడా వెంటనే బయటపడుతుంది. వంకర ఉందేమో తెలుసుకోవడానికి ప్యాడ్లు రాసే భాగం కిందికి ఉండేలా ప్లేటును వంటగట్టు గ్రానైటు బండ మీద ఉంచి, అంచు మీద చుట్టూ ఒక్కోచోట వేలితో నొక్కాలి. ఎక్కడైనా ఊగితే దాన్ని షాపుకు తిరిగి ఇచ్చేయండి. ఇది తొలి వడపోత మాత్రమే, కచ్చితమైన కొలతకు బిగించిన తరవాత, ప్లేటు తిరుగుతుండగా వంకరను ముల్లుతో చూపే డయల్ గేజి ఉండాలి. సెన్సరు చక్రం వేగాన్ని చదవడానికి ఉండే ఏబీఎస్ రింగును ప్లేటుతో పాటే బిగించే బైకుల్లో, సెన్సరుకూ రింగుకూ మధ్య ఖాళీ మునుపటిలాగే ఉందా అన్నది కూడా మెకానిక్‌తో చూపించుకోవాలి.

బిగించేటప్పుడు హబ్బు మీది తుప్పును శుభ్రంగా గీకి తీయాలి, ఎందుకంటే చిన్న పొలుసు మిగిలినా కొత్త ప్లేటు వంకరగా తిరిగి లీవరు చేతిలో కొట్టుకుంటుంది. ప్లేటు మీద తుప్పు పట్టకుండా పూసిన నూనెను బ్రేక్ క్లీనర్‌తో తుడవాలి. బోల్టులను ఎదురెదురుగా, సర్వీసు మాన్యువల్ చెప్పిన బిగుతుకు, బోల్టు వదులు కాకుండా ఆపే థ్రెడ్‌లాకర్ జిగురు వేసి, బిగుతును కొలిచే టార్క్ రెంచితో బిగించాలి. పాత ప్యాడ్లు పాత గాడులకు తగ్గట్టు అరిగి ఉంటాయి కనుక వాటిని కూడా మార్చాలి. బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే దాన్నీ ఇదే సమయంలో మార్పించుకోండి: డాట్ 4 అనే బ్రేక్ ఆయిల్ ప్రమాణంలో కొత్త ఆయిల్ మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, తేమ పీల్చుకున్నాక ఆ కనీస హద్దు 155కు దిగుతుంది.

తొలి రోజు తెల్లవారుజామున, వాహనాలు పలుచగా ఉన్న రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం నుంచి 15 వరకు మెల్లగా బ్రేకు వేస్తూ, మధ్యలో ప్లేటు చల్లారడానికి కొంతదూరం ఊరికే నడుపుతూ, పది పదిహేనుసార్లు అలా చేయాలి. వేడి మీదున్నప్పుడు బండి ఆపి లీవరు పట్టుకుని నిలబడితే ప్యాడు పదార్థం ఒకేచోట అంటుకుపోతుంది. మొదటి కొన్ని వందల కిలోమీటర్ల వరకు బ్రేకు పూర్తి పట్టు ఇవ్వదు కనుక ముందున్న వాహనానికి మామూలుకన్నా ఎక్కువ దూరం పాటించండి.