గోడ మీద ఎర్ర చుక్కే నా మౌస్

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ హాల్లో ఆదివారాలు పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పిస్తాను. ప్రొజెక్టర్‌తో గోడ మీద పడే అక్షరాన్ని మౌస్‌తో నొక్కితే అది పలుకుతుంది. బొమ్మ పడే గోడ ముందు, లాప్‌టాప్ వెనక, మధ్యలో నా పరుగులు. క్లిక్కర్ కొనుక్కోవచ్చుగా అన్నారు కొందరు. అది పేజీ తిప్పుతుంది కానీ ‘ఱ’ మీద నొక్కదు కదా! అందుకే లేజర్ పాయింటర్‌నే మౌస్‌గా మార్చుకున్నాను.

ప్రొజెక్టర్, వెబ్‌క్యామ్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉన్న లాప్‌టాప్, లేజర్ ఉంటే చాలు. ఎస్పీ రోడ్డులో మొదట కొన్న ఆకుపచ్చ లేజర్ మీద ఏ లేబులూ లేదు, భయమేసి పక్కన పడేశాను. క్లాస్ 2, అంటే 1 మిల్లీవాట్ లోపు అని రాసి ఉన్న ఎర్రది వెతికి తెచ్చాను. అయినా పిల్లల చేతికి ఇవ్వను.

జరిగేది ఇంతే: కెమెరా గోడను చూస్తుంది, ప్రోగ్రామ్ చుక్కను పట్టుకుని, కర్సర్‌ను అక్కడికి జరుపుతుంది. ఓపెన్‌సీవీతో (కెమెరా బొమ్మలను పరిశీలించే పైథాన్ లైబ్రరీ) ఎర్ర రంగు కోసం వెతికి నేను రెండు సాయంత్రాలు పాడుచేసుకున్నాను. చుక్క నడిమి భాగం కెమెరాకు తెల్లగా కనిపిస్తుంది, ఎరుపు అంచులోనే ఉంటుంది. పైగా 0 నుంచి 179 దాకా సాగే ఓపెన్‌సీవీ రంగుల లెక్కలో ఎరుపు 0 దగ్గర కొంత, 179 దగ్గర కొంత ఉంటుంది, కాబట్టి రెండు చోట్లా వెతకాలి.

రంగు సంగతి వదిలేయండి. కెమెరా తనంతట తానే వెలుగు సర్దుకునే ఆటో ఎక్స్‌పోజర్ ఆపి, కెమెరా బొమ్మలో గోడంతా చీకటైపోయి చుక్క ఒక్కటే మిగిలేదాకా ఎక్స్‌పోజర్ తగ్గించండి. సగం పని అక్కడే అయిపోతుంది. స్లయిడ్ తెల్లగా ఉంటే అది కూడా చుక్కతో పోటీ పడుతుంది, అందుకే నల్ల నేల మీద బూడిద రంగు అక్షరాలు పెట్టాను. మా అత్తయ్య చూసి “అచ్చం పలకలా ఉందే” అన్నారు.

ఇక కెమెరా నుంచి వచ్చే ప్రతి ఫ్రేమ్‌ను బ్లాక్ అండ్ వైట్ చేసి, కొంచెం బ్లర్ చేసి, మిన్‌మ్యాక్స్‌లోక్ అనే ఓపెన్‌సీవీ ఫంక్షన్‌ను అడిగితే అన్నిటికన్నా వెలుగున్న చోటు చెబుతుంది. ఆ వెలుగు మరీ తక్కువుంటే లేజర్ ఆపేశారని అర్థం, కర్సర్‌ను కదపకండి.

కెమెరా పక్క నుంచి చూస్తుంది కాబట్టి తెర వంకరగా కనిపిస్తుంది. నాలుగు మూలల్లో లేజర్ పెట్టి ఆ స్థానాలు రాసుకుని, తెర అసలు మూలల స్థానాలతో కలిపి గెట్‌పర్‌స్పెక్టివ్‌ట్రాన్స్‌ఫామ్ అనే ఓపెన్‌సీవీ ఫంక్షన్‌కు ఇస్తే ఆ వంకర సరిచేసే లెక్క ఇస్తుంది. తర్వాత కెమెరాకు చెయ్యి తగిలితే మళ్లీ మొదటికే. మా హాల్లో వారానికోసారి తగులుతుంది.

కర్సర్‌ను పైఆటోజీయూఐ అనే మరో పైథాన్ లైబ్రరీ జరుపుతుంది. అది మనం ఇచ్చిన ప్రతి ఆదేశం తర్వాత 0.1 సెకను ఆగుతుంది. ఆ పాజ్‌ను 0 చేయకపోతే కర్సర్ ఎద్దుబండిలా నడుస్తుంది. ఇంకోటి, కర్సర్ తెర మూలకు తగిలితే అది ప్రోగ్రామ్‌నే ఆపేస్తుంది. అత్యవసరానికి పనికొస్తుందని ఉంచుకున్నాను, మూలల్లో మాత్రం బటన్లు పెట్టను.

క్లిక్ చేయాలంటే చుక్కను ఒకే చోట ఒక సెకను నిలపాలి. చెయ్యి వణుకుతుంది కాబట్టి చివరి 5 స్థానాల సగటు తీసుకోండి. ఒకసారి క్లిక్ అయ్యాక చుక్క పక్కకు జరిగేదాకా మళ్లీ నొక్కనివ్వకండి, లేకపోతే ఒకే అక్షరం వరసగా పలుకుతుంది.

టీవీ మీద ఇది సరిగా రాలేదు. నున్నటి తెర మీద చుక్క సరిగా నిలవదు. మామూలు సున్నం గోడే నయం.

అడ్డంగా 640 పిక్సెళ్ల కెమెరా, 1920 పిక్సెళ్ల తెర. కెమెరాలో ఒక్క పిక్సెల్ తప్పితే తెర మీద కనీసం మూడు తప్పుతాయి. మొన్న ‘ఱ’ చూపించబోతే పక్కనున్న ‘ళ’ పలికింది. “ఆంటీ, తప్పు!” అని హాలంతా ఒకటే అరుపు. ఈ వారం అక్షరాల పెట్టెలు పెద్దవి చేస్తున్నాను.