పెద్ద పికప్ ఇచ్చేసి మిడ్‌సైజ్ ట్రక్ తీసుకోవాలంటే

ముందు ఒక్కటి చూస్కోండి, మీరు అసలు ఏం లాగుతున్నారు, ఎంత బరువు. ఫోర్డ్ ఎఫ్-250 లాంటి పెద్ద పికప్‌కి అలవాటైపోయాక, మిడ్‌సైజ్‌లో ఫోర్డ్ రేంజర్ 7,500 పౌండ్లు, షెవ్రొలే కొలరాడో 7,700 లాగుతాయంటే చాల్లే అనిపిస్తుంది, కానీ అది సరైన ఇంజన్, టోయింగ్ ప్యాకేజీ ఉంటేనే. గూస్‌నెక్ ట్రైలర్ (ట్రక్ బెడ్ మధ్యలో తగిలించేది) ఉంటే మాత్రం ఈ ఆలోచనే మానేయండి.

అసలు దెబ్బ పడేది పేలోడ్ దగ్గర, అంటే ట్రక్ తన మీద మోయగల బరువు. డ్రైవర్ డోర్ తీస్తే పక్కన స్టిక్కర్ ఉంటుంది, మనుషులు సామాను కలిపి ఇంతకి మించొద్దని, బ్రోచర్ వదిలేసి అది చదవండి. 6,000 పౌండ్ల ట్రైలర్ అయితే హిచ్ (ట్రైలర్ తగిలించే చోటు) మీదే 600 నుంచి 900 పడుతుంది, అదీ పేలోడ్ లెక్కలోకే, ఆపైన నలుగురు ఎక్కారంటే ఇంకేం మిగుల్తుంది చెప్పండి?

పాత ట్రక్ మీద లోనుంటే, తీర్చాల్సింది ఇంకా ఎంతో చెప్పే పేఆఫ్ లెటర్ బ్యాంక్ నుంచి తెచ్చుకోండి. దానికి రెండు మూడు చోట్ల రేటు రాయించుకోండి, డీజిల్ అయితే అస్సలు తొందరపడొద్దు. ట్రేడ్-ఇన్ విలువ (పాత బండికి డీలర్ కట్టే రేటు) తీసేసి మిగతాదానికే సేల్స్ ట్యాక్స్ వేసే రాష్ట్రాలే అమెరికాలో ఎక్కువ, కాలిఫోర్నియాలో ఆ సుఖం లేదు.

టెస్ట్ డ్రైవ్‌కి పిల్లల కార్ సీట్లు పట్టుకెళ్ళండి, వెనక సీటు ఇరుకు, నాకు బిగించాకే తెలిసింది.