గోధుమ లేని వంటిల్లు – 3వ పాఠం: జొన్న పిండి, జొన్నరొట్టె

రాత్రికి రెండు చపాతీలు తినే అలవాటున్న ఇంట్లో గోధుమ మానేస్తే ఆ చోటులోకి మామూలుగా అన్నమే వచ్చి కూర్చుంటుంది. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్లీ అన్నమో అటుకుల ఉప్మానో. వీటిలో గ్లూటెన్ (గోధుమ, బార్లీల్లో ఉండే సాగే గుణమున్న మాంసకృత్తి) లేని మాట నిజమే. కానీ మూడు పూటలా తింటున్నది పాలిష్ పట్టిన బియ్యమే. సీలియాక్ (గ్లూటెన్ తింటే పేగు దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లకు పేగు దెబ్బతిని ఇనుము, కాల్షియం అప్పటికే తగ్గి ఉంటాయి. అలాంటివాళ్లకు ఈ తిండి చాలదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికలు చూడండి. వంద గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 2.8 గ్రాములు, ఇనుము 0.65 మిల్లీగ్రాములు. అంతే జొన్నల్లో పీచు పది గ్రాముల పైమాటే, ఇనుము దాదాపు 4 మిల్లీగ్రాములు. గోధుమ పిండిలో పీచు 11 గ్రాముల పైచిలుకు. అంటే చపాతీ తీసేసి జొన్నరొట్టె పెడితే పీచు విషయంలో పెద్దగా నష్టం లేదు. అన్నం పెడితే నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే ఈ పాఠమంతా ఒక్క రొట్టె మీదే.

ముందు గింజ, తర్వాత పిండి

గ్లూటెన్ ఫ్రీ అని ముద్రించాలంటే మన ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. ఒక్క గోధుమ గింజలో సుమారు మూడు నాలుగు మిల్లీగ్రాములుంటుంది. లెక్క వేస్తే కిలో జొన్నల్లో ఐదారు గోధుమ గింజలు పడినా హద్దు దాటినట్టే. కాబట్టి విడిగా అమ్మే జొన్న పిండి కొనకండి. గింజలే కొనండి. ఒక్కోసారి గుప్పెడు చొప్పున వెడల్పాటి స్టీలు పళ్లెంలో పలచగా పరిచి, వెలుతురులో ఏరండి. జొన్న గుండ్రంగా ఉంటుంది. గోధుమ కోలగా ఉండి, పొట్ట మీద నిలువునా గాడి ఉంటుంది. బార్లీకీ ఆ గాడి ఉంటుంది. ఈ రెండూ కంటికి ఇట్టే దొరుకుతాయి. ఏరాక రెండు నీళ్లలో కడిగి, గుడ్డ మీద పూర్తిగా ఆరబెట్టాలి. కడగడం వల్ల గింజకు అంటిన గోధుమ దుమ్ము పోతుంది. చెమ్మ మిగిలితే మాత్రం పిండి రెండు మూడు రోజుల్లోనే ముక్కిపోతుంది.

యాసంగి జొన్న దొరికితే అదే తీసుకోండి. వానాకాలం పంట కంకి దశలో వానకు తడిసి నల్లమచ్చ పడుతుంది. అలాంటి గింజ రొట్టెకు చేదు.

పిండి మర దగ్గరికి వెళ్లొద్దు. గోధుమలు ఆడిన రాళ్ల మధ్య పిండి ఎంతో కొంత మిగులుతుంది. ముందు కిలో బియ్యం ఆడించి పారబోస్తే శుభ్రమైపోతుందనే మాట చాలామంది చెబుతారు గానీ దాన్ని నమ్ముకోలేం. గోధుమ అసలు ముట్టని మర ఊళ్లో ఉంటే మీ అదృష్టం. లేకపోతే మిక్సీయే. పావు కిలో గింజలను రెండు విడతలుగా వేసి, మధ్యలో జారు చల్లారనిచ్చి, మెత్తగా పట్టి జల్లించండి. జల్లెడ కొత్తది కావాలి. పాత జల్లెడ కళ్లలో ఇరుక్కున్న గోధుమ పిండి ఎంత కడిగినా వదలదు. చపాతీ పీట, కర్ర సంగతీ అంతే. జల్లెడ పైన మిగిలిన రవ్వను పారేయకండి, పొద్దున ఉప్మాకు పనికొస్తుంది. బొంబాయి రవ్వ మానేసిన ఇంట్లో ఇది నిజంగా లాభం.

రొట్టె

జొన్నలో గ్లూటెన్ లేదు కాబట్టి చల్లనీళ్లతో కలిపితే పిండి సాగదు, చేత్తో ఎత్తగానే విడిపోతుంది. ఆ పట్టు వేరే దారిలో తేవాలి. మరిగే నీళ్లు తగిలితే పిండిలోని గంజి పదార్థం ఉబ్బి జిగురెక్కుతుంది. రొట్టెను పట్టి ఉంచేది ఆ జిగురే. నీళ్లు గోరువెచ్చగా ఉంటే ఆ పని జరగదు.

రెండు గ్లాసుల పిండికి గ్లాసున్నర నీళ్లు, చిటికెడు ఉప్పు. పక్కన ఇంకో అర గ్లాసు వేడినీళ్లు ఉంచుకోండి. నీళ్లు తెర్లుతున్నప్పుడు మంట ఆపి, పిండంతా ఒకేసారి పోసి, గరిట కాడతో కలిపి మూత పెట్టండి. పది నిమిషాలాగి, చేయి భరించే వేడి ఉండగానే పళ్లెంలోకి తీసి అరచేతి మడమతో నొక్కి నొక్కి పిసకాలి. నాలుగైదు నిమిషాలకు తక్కువైతే కుదరదు. పొడిగా ఉంటే వేడినీళ్లు చిలకరించుకుంటూ పోవాలి. ముద్ద నున్నగా అయ్యాక బొటనవేలితో నొక్కి చూడండి. గుంట అంచు పగలకుండా ఉంటే సిద్ధమైనట్టు. దీనికి ఆరు రొట్టెలొస్తాయి. మిగతా పిండిని తడిగుడ్డ కింద ఉంచి, ఒక్కో ముద్దనూ కొట్టే ముందు మళ్లీ అర నిమిషం పిసకండి.

పీట మీద పొడి పిండి చల్లి, ముద్దను ఒక చేత్తో తడుతూ, రెండో చేత్తో అంచును లోపలికి ఒత్తుతూ తిప్పుతూ పోవాలి. చెయ్యి మధ్యలో కన్నా అంచుకు దగ్గరగా పడాలి. అలవాటు లేనివాళ్లు మొదటి వారం అరటాకు మీద చిన్నచిన్నవి కొట్టుకోవచ్చు.

పెనం బాగా కాలాలి. నీటి చుక్క వేస్తే చుంయ్‌మని ఎగరాలి. పొడి పిండి అంటిన వైపు పైకి వచ్చేలా వేసి, వెంటనే తడిగుడ్డతో పైనంతా తడపండి. ఆ తడి మెరుపు పోయి, చెమ్మ ఇంకా ఉండగానే తిప్పాలి. రెండో వైపు మచ్చలు పడేదాకా ఉంచి, మళ్లీ తిప్పి అంచులను గుడ్డతో నొక్కితే పొంగుతుంది.

అంచులు పగిలితే నీళ్లు తక్కువయ్యాయి, లేదా పిండి పాతబడింది. పట్టిన రెండు వారాల్లోపు వాడేయడం మంచిది. చేతికి అంటుకుని ఎత్తగానే తెగితే నీళ్లు ఎక్కువయ్యాయి, ఒక చెంచా పొడి పిండి కలిపి పిసకండి. పెనం మీద బీటలు వారితే తడపడం ఆలస్యమైంది. అప్పడంలా గట్టిపడితే సన్నమంట మీద ఎక్కువసేపు ఉంచారు. పొంగకపోతే మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంది. రుచికేం లోటు లేదు, తినేయండి.

"మెత్తగా రావడానికి గుప్పెడు గోధుమ పిండి కలపండి" అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. ఆ గుప్పెడుతో పడిన కష్టమంతా వృథా. రోడ్డు పక్క రొట్టెల బండి దగ్గర కూడా రెండు ప్రశ్నలు తప్పకుండా అడగాలి: అద్దే పొడి పిండి ఏది? ఇదే పెనం మీద పుల్కాలు కాలుస్తారా? జవాబు నసిగితే వద్దనుకోండి.

పక్కన ఏం పెట్టాలి

జొన్నలోని ఇనుమును ఒళ్లు సులువుగా తీసుకోదు. సి విటమిన్ తోడైతే కొంత మెరుగు. తోటకూర పప్పులో దించాక నిమ్మకాయ పిండండి, లేదా భోజనం చివర జామకాయ తినండి. టీ, కాఫీ భోజనానికి గంట ఎడంగా తాగాలి. పప్పు పోపులో ఇంగువ వేసే ముందు డబ్బా వెనక రాసింది చదవండి. బజారు ఇంగువల్లో చాలావాటిలో మైదా ఉంటుందని గత పాఠంలో చెప్పుకున్నాం. పెసరట్టు ఈ పూటకు చక్కటి జోడీ, కానీ ఎమ్మెల్యే పెసరట్టు కాదు. లోపలి ఉప్మా బొంబాయి రవ్వదే.

జబ్బు ఈమధ్యే బయటపడినవాళ్లు మొదటి పది రోజులు రోజుకొక రొట్టెతో ఆగండి. పీచు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరిస్తుంది, దాన్ని పొరపాటున గ్లూటెన్ తగిలిందనుకుంటారు. నీళ్లు ఎక్కువ తాగాలి. డాక్టరు రాసిన ఇనుము మాత్రలను రొట్టె వచ్చింది కదా అని మానకూడదు. రక్తపరీక్ష, ఎండోస్కోపీ ఇంకా కానివాళ్లు గోధుమ అసలే మానొద్దు. మానేస్తే పరీక్షల్లో జబ్బు దొరక్కపోవచ్చు.

ఈ వారం పని

ఒక గిన్నెలో అదే జొన్న పిండిని చల్లనీళ్లతో, ఇంకో దాంట్లో మరిగే నీళ్లతో ఒక్కో చిన్న ముద్ద కలిపి, రెండిటినీ పక్కపక్కన కొట్టి చూడండి. తర్వాత వారంలో నాలుగు రాత్రులు రొట్టె చేయండి. వచ్చే పాఠం రాగి, సజ్జ. సజ్జ పిండి జొన్న కన్నా చాలా త్వరగా చేదెక్కుతుంది కాబట్టి పిండి పట్టి పెట్టుకోవద్దు. అర కిలో గింజలు తెచ్చి, ఏరి, కడిగి, ఆరబెట్టి ఉంచండి.