నెల తక్కువ బిడ్డకి చలికాలం: ఇంట్లో పడాల్సిన జాగ్రత్తలు

కార్తీకం దాటితే గజపతినగరం పక్క పల్లెల్లో తెల్లారగట్ల మంచు కమ్మేస్తుంది. పెద్దవాళ్ళం వణుకుతాం. వణికితే కండరాలు కదిలి కాస్త వేడి పుడుతుంది. పురిటిబిడ్డకి ఆ వణుకు రాదు. దానికి ఉన్నదల్లా ఒంట్లో దాచుకున్న కొవ్వు. నెలలు నిండకుండా పుట్టిందంటే అదీ అంతంతమాత్రమే.

మా చిన్నాడపడుచు కూతురు నిరుడు మార్గశిరంలో 33వ వారానికే ప్రసవించింది. బిడ్డ 1 కిలో 700 గ్రాములు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఆ ఇంట్లో నడిచిన వాదాలన్నీ దగ్గరుండి విన్నాను. ఈ చలికాలంలో పురుడు ఉన్న ఇళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు కొవ్వు సంగతి. 28 వారాలప్పుడు కడుపులో బిడ్డ బరువులో కొవ్వు 3, 4 శాతం మించదు. నెలలు నిండేసరికి అది 10 నుంచి 15 శాతానికి చేరుతుంది. అంటే బిడ్డ ఒళ్ళు నిండేది చివరి రెండు మూడు నెలల్లోనే. ఈ కొవ్వులో ఎక్కువ భాగం తల్లి రక్తంలోని గ్లూకోజు నుంచి బిడ్డ తానే తయారుచేసుకుంటుంది. అందులో పామాయిల్లో ఎక్కువగా ఉండే పామిటిక్ ఆమ్లం, వేరుశెనగ నూనెలో ఎక్కువగా ఉండే ఒలీయిక్ ఆమ్లం ముఖ్యమైనవి. లినోలెయిక్ ఆమ్లం మాత్రం ఏ మనిషి ఒంట్లోనూ తయారవదు, తల్లి నుంచి రావలసిందే. మెదడుకీ కంటికీ కావలసిన డీహెచ్‌ఏ అనే కొవ్వు ఆమ్లాన్ని ఒంట్లో తయారుచేసుకోగలిగేది నామమాత్రమే, అదీ ఎక్కువగా ఆ చివరి నెలల్లోనే మాయ దాటి చేరుతుంది. ముందే పుట్టిన బిడ్డకి దుప్పటీ లేదు, గాదెలో గింజా లేదు.

భుజాల మధ్య, మెడ చుట్టూ, మూత్రపిండాల దగ్గర గోధుమరంగు కొవ్వు అని ఇంకొకటి ఉంటుంది. బిడ్డకి చలి తగలగానే అందులోని కొవ్వు ఆమ్లాలు కరిగి వేడినిస్తాయి. నెల తక్కువ బిడ్డకి ఇదీ కొంచెమే. చలిలో వదిలితే ఉన్నది కరిగిపోయి రక్తంలో చక్కెర పడిపోతుంది, తాగిన పాలు బరువు పెరగడానికి బదులు వెచ్చదనానికే ఖర్చయిపోతాయి.

అందుకే మొదటి జాగ్రత్త తల్లి ఒళ్ళు. బట్టలు ఎన్ని చుట్టినా అవి ఉన్న వేడిని ఆపుతాయే తప్ప పుట్టించలేవు. బిడ్డకి టోపీ, మేజోళ్ళు, డైపరు మాత్రం ఉంచి తల్లి రొమ్ముల మధ్య కప్పలా నిలువుగా ఆనించి, పైన చీరతో కట్టాలి. దీన్ని కంగారూ సంరక్షణ అంటారు. 1970ల చివర కొలంబియా దేశంలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన పద్ధతి ఇది. రోజుకి 8 గంటలకి తక్కువ కాకుండా, వీలైనంత ఎక్కువసేపు చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా ఇంట్లో "ఓలమ్మ, మగోడు పిల్లనెత్తుకుని పడుకోడమేటి" అని ముసలమ్మ నవ్వింది గానీ, తల్లి స్నానానికి వెళ్ళినప్పుడల్లా తండ్రే కట్టుకున్నాడు. నాయనమ్మైనా కట్టుకోవచ్చు, దగ్గూ జలుబూ లేకపోతే చాలు.

కుంపటి వద్దు. తలుపులు మూసి బొగ్గులు రాజేస్తే వచ్చే విషవాయువు తల్లినీ బిడ్డనీ కూడా తీసుకుపోతుంది. సాంబ్రాణి పొగా వద్దు. వేడినీళ్ళ సంచి పక్కలో పెడితే ఆ పల్చటి చర్మం కాలుతుంది. బిడ్డ 2 కిలోలు దాటేదాకా తలంటు మాట ఎత్తకండి, తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

నూనె మర్దనా గురించి పెద్ద గొడవే అయింది. "గుంటకి ఒళ్ళు పట్టాలంటే నూనె పట్టించాల" అంటుంది అమ్మమ్మ. పూర్తిగా కొట్టిపారేయలేం. బిడ్డ నిలదొక్కుకున్నాక డాక్టరు సరేనంటే, వెచ్చటి గదిలో కొబ్బరినూనె మెత్తగా రాయొచ్చు. కానీ ముక్కులో, చెవిలో చుక్కలు వేయడం, ఆముదం నాకించడం మాత్రం ఒప్పుకోవద్దు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది.

ఇక పాలు. ముర్రుపాలు పారబోయకండి. చక్కెరనీళ్ళలో, తేనెలో కొవ్వు చుక్కైనా ఉండదు. నిల్వ లేని బిడ్డకి కొవ్వు అందకపోతే లినోలెయిక్ లోటు కొద్ది రోజుల్లోనే కనిపిస్తుంది. తల్లిపాలలో బిడ్డకందే శక్తిలో సగం కొవ్వుదే, చివర్లో వచ్చే పాలు ఇంకా చిక్కన. కాబట్టి ఒక రొమ్ము ఖాళీ అయ్యాకే రెండోది పట్టండి. చీకలేని బిడ్డకి పిండిన పాలు ఉడికించిన ఉగ్గుగిన్నెతో పట్టాలి. కాసేపుంటే పైన మీగడలా తేలుతుంది. పాలు విరిగాయని మా వాళ్ళు పారబోయబోయారు! తేలింది కొవ్వే, గిన్నెని మెల్లగా తిప్పి కలిపి పట్టండి.

ఏ పాలు తాగితే ఆ కొవ్వే బిడ్డ ఒంటికి పడుతుంది. 1975లో బ్రిటన్ పోషకాహార శాస్త్రవేత్త ఎల్సీ విడోసన్ బృందం బ్రిటిష్, డచ్ పసిపిల్లల ఒంటి కొవ్వుని పోల్చింది. పుట్టినప్పుడు ఇద్దరిలోనూ లినోలెయిక్ 1 నుంచి 3 శాతమే. మొక్కజొన్న నూనె కలిపిన పాలు తాగిన డచ్ పిల్లల్లో అది కొన్ని నెలల్లోనే 40 శాతం దాటింది. ఆవుపాల కొవ్వున్న పొడిపాలు తాగిన బ్రిటిష్ పిల్లల్లో పెద్దగా పెరగలేదు.

తల్లిపాలకీ ఇదే లెక్క, ఆమె కంచంలో ఉన్నదే పాలలోకి వస్తుంది. మనవైపు బాలింత పథ్యం పేరుతో నెలల తరబడి కారప్పొడీ అన్నమే పెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. చేపలు పెడితే బిడ్డకి దగ్గొస్తుందని భయం. నిజానికి పాలలో డీహెచ్‌ఏ పెరిగేది ముఖ్యంగా చేపలతోనే. చింతపల్లి నుంచి బారువ దాకా తీరమంతా దొరికే నెత్తళ్ళు, కానగంతలు వారానికి రెండుసార్లు పులుసు పెట్టండి. పాలు పడతాయని పాలసొర పుట్టు పెడతారు, దాని రుచి నాకూ ఇష్టమే. కానీ సొర జాతిలో పాదరసం ఎక్కువ చేరుతుంది, పాలిచ్చే తల్లికి చిన్న చేపలే నయం. చేప ముట్టని ఇళ్ళలో అవిసె గింజలు వాడండి. వాటి నుంచి డీహెచ్‌ఏ కొద్దిగానే తయారవుతుంది కాబట్టి మందు సంగతి డాక్టర్ని అడగండి.

రాత్రి లేచినప్పుడల్లా చేతి వెనక భాగంతో బిడ్డ పొట్ట, పాదం తాకి చూడండి. రెండూ వెచ్చగా ఉంటే ఫర్వాలేదు. పొట్ట వెచ్చగా ఉండి పాదం చల్లగా ఉంటే చలి పట్టింది, వెంటనే ఒంటికి ఆనించి పాలు పట్టాలి. రెండూ చల్లబడినా, బిడ్డ పాలు మానేసినా, మెత్తగా వాలిపోయినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా, ఆసుపత్రికి చేరేదాకా కూడా బిడ్డని తల్లి గుండెల మీద నుంచి దించకండి.